వాడి వెనక ఎవరు పరిగెత్తాలి?

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం. పొద్దున ఇంకా ఏడు కాలేదు. మారతహళ్ళి పక్కన మున్నెకొళాలలో మేం గంటల లెక్కన అద్దెకు తీసుకునే టర్ఫ్ మీద పిల్లలు పాసింగ్ చేస్తున్నారు. రాత్రంతా వాన పడటంతో టర్ఫ్‌లోని నల్ల రబ్బరు పలుకులు అందరి సాక్సులకూ అంటుకుపోయాయి. ఎడమ పక్క ఆడే మా చిన్నోడి దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా వాడి పెదాలు కదులుతున్నాయి. ఏదో పాట పాడుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. కోన్లు సర్దే వంకతో దగ్గరికి వెళ్ళి విన్నాను.

బంతి కాలికి తగిలింది. "ఒకటి." మళ్ళీ తగిలింది. "రెండు." అంతే, అటు ఎవరున్నారో కూడా చూడకుండా బంతిని పక్కకు తోసేశాడు. తోసేసి నా వైపు చూశాడు, సరిగ్గానే చేశానా అన్నట్టు.

ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ రూల్ పెట్టింది నేనే. బంతి వస్తే రెండే టచ్‌లు, మూడో టచ్ పడిందంటే బంతి అవతలి జట్టుకి. అప్పటికి పెట్టి మూడు వారాలైంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది అనంతపురం. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రైట్ బ్యాక్ ఆడుతూ పెరిగాను. మా వింగర్ బంతి తీసుకుని ముందుకు పోతే, వాడు వదిలిన జాగాలో కాపలా కాయడం నా పని. ఆరేళ్ళలో నేను కొట్టిన గోల్స్ రెండు. 2009లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మూడేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్ పిల్లల్నీ చుట్టుపక్కల పిల్లల్నీ కలిపి అండర్-13 జట్టు ఒకటి మొదలుపెట్టాను. జట్టుకి ఏడుగురు ఆడే ఆట. టర్ఫ్‌కి గంటకు 1,400 రూపాయలు, తల్లిదండ్రులం పంచుకుంటాం. తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లిష్ అన్నీ ఒక్క అరుపులోనే వినిపించే గ్రౌండ్ అది. "ఎడక్కె, ఎడక్కె" అని ఒకడు కన్నడలో అరిస్తే, "లెఫ్ట్‌లో ఎవర్రా?" అని ఇంకొకడు తెలుగులో అందుకుంటాడు.

చిన్నోడికి పన్నెండేళ్ళు. కదిరి వైపు కుటుంబం. వాళ్ళ నాన్న వాటర్ టాంకర్ నడుపుతాడు. రాత్రిళ్ళు టాంకర్లు నిలిపే జాగా పక్కనే వాళ్ళ ఇల్లు. ఒకసారి ఆలస్యమై వాణ్ణి బండి మీద దింపడానికి వెళ్ళినప్పుడు, వాడు ఆట నేర్చుకున్న చోటు చూశాను. రెండు టాంకర్ల మధ్య సందు. నేను చేతులు చాపితే రెండు పక్కలా టైర్లు తగులుతాయి. అందులో వాడూ వాళ్ళ అన్నా ఆడుకునేవాళ్ళు. బంతి కాలు వదిలి రెండడుగులు పోయిందంటే టాంకర్ కిందికి దొర్లిపోతుంది. బురదలో బోర్లా పడుకుని, చెయ్యి చాపి తీసుకోవాలి. అందుకే వాడి బంతి కాలిని వదలదు. ఎడమ పాదం బయటి అంచుతో చిన్నగా తడతాడు, భుజం ఒకవైపు వంచుతాడు, మనిషి ఇంకోవైపు పోతాడు. వాడికెవరూ నేర్పలేదు. ఆ సందులో పాస్ ఇద్దామన్నా ఎవరున్నారు? ఉన్న ఒక్క అన్నా బంతి లాక్కోవడానికే ఎదురుగా నిలబడి ఉంటాడు.

అలాంటి పిల్లాడికి నేను రెండు టచ్‌ల రూల్ పెట్టాను.

నమ్మే పెట్టాను. స్పెయిన్ కోచ్ పెప్ గార్డియోలా జట్ల ఆట పదిహేనేళ్ళకు పైగా చూస్తున్నాను. గ్రౌండ్‌ని గళ్ళుగా విడదీసి, ఒకే వరసలో మనుషులు పోగుపడకుండా, బంతి ఉన్నవాడికి ఎప్పుడూ రెండు మూడు దారులు కనిపించేలా ఆటగాళ్ళని నిలబెడతాడు. మనిషి కన్నా బంతి వేగంగా పోతుంది కాబట్టి బంతినే పరిగెత్తించాలన్నది దాని వెనకున్న ఆలోచన. పిల్లలకు ఇది నేర్పడం మంచిదేనని ఇప్పటికీ అంటాను. ఆ మూడు వారాల్లో మా వాళ్ళు బంతి వెంట గుంపుగా పడటం మానేశారు. తలెత్తి చూడటం అలవాటైంది. ఒక పిల్ల అయితే బంతి అందుకోకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఒక్కటి చూసి నేను ఇంటికి వెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

కానీ ఆ గార్డియోలాయే బార్సిలోనా కోచ్‌గా 2009 మే 2న రియల్ మాడ్రిడ్ సొంత గ్రౌండ్‌లో ఏం చేశాడు? కుడి వింగ్‌లో ఆడే మెస్సీని మధ్యలోకి తెచ్చాడు. సెంటర్ ఫార్వర్డ్ చోటులో మొదలుపెట్టి, అక్కడ ఉండకుండా కిందికి దిగి బంతి అందుకోమన్నాడు. అతని వెంట వెళ్ళాలా, ఉన్నచోటే ఉండాలా అన్నది మాడ్రిడ్ సెంటర్ బ్యాక్‌లకు ఆఖరి దాకా తేలలేదు. బార్సిలోనా 6-2తో గెలిచింది. మెస్సీ కాళ్ళలో ఏముందో చూసి ఆ గళ్ళని మార్చి గీశాడు గార్డియోలా. దానికి కట్టిన ధర కూడా ఉంది. ఆ వేసవిలోనే స్ట్రైకర్ ఎటోని ఇచ్చి, పైన బోలెడు డబ్బు పోసి ఇబ్రహిమోవిచ్‌ని తెచ్చుకున్నారు. ఆ జాగా మెస్సీకి కావాల్సి వచ్చేసరికి అంత పెద్ద స్ట్రైకర్‌కి నిలబడే చోటు లేకుండా పోయింది. ఏడాది తిరగ్గానే మిలాన్ వెళ్ళిపోయాడు.

నేను వీడియోల్లో గళ్ళ వరకే చూశాను. అవి ఎవరికోసం గీశాడో ఆలోచించలేదు.

ఆ వారమే వైట్‌ఫీల్డ్ వైపు జట్టుతో మ్యాచ్ ఆడి 1-4తో ఓడిపోయాం. ఓటమి సంగతి సరే. నాకు నిద్ర పట్టకుండా చేసింది చిన్నోడు నిలబడిన చోటు. ఫుట్‌బాల్ ఆడినవాళ్ళకి తెలుస్తుంది, గ్రౌండ్ మీద కూడా దాక్కోవచ్చు. పరిగెత్తుతూనే దాక్కోవచ్చు. బంతి ఉన్నవాడికీ నీకూ మధ్య అవతలి డిఫెండర్ ఉండేలా చూసుకుంటే చాలు. నీకు పాస్ రాదు, నిన్నెవరూ తిట్టరు కూడా. చిన్నోడు ఆ రోజు నలభై నిమిషాలూ అలాగే నిలబడ్డాడు. డిఫెండర్ ఒకడుగు జరిగితే తానూ ఒకడుగు జరిగాడు. బంతి కోసం టాంకర్ కిందికి దూరే పిల్లాడు, బంతి రాకుండా నిలబడటం నా దగ్గర నేర్చుకున్నాడు.

ఆ రాత్రి నాకు రాబర్టో బాజియో గుర్తొచ్చాడు. నా తరం ఫుట్‌బాల్ పిచ్చోళ్ళకి బాజియో అంటే 1994 ప్రపంచ కప్ ఫైనల్లో ఇటలీ తరఫున పెనాల్టీ గోల్‌బార్ పైనుంచి కొట్టి తల వంచుకున్న మనిషి. కానీ ఆ టోర్నమెంట్‌లో అంతకుముందు జరిగిందే నాకు ఎక్కువ పాఠం. ఇటలీ కోచ్ అరిగో సాకి. మిలాన్‌కి 1989, 1990లలో వరసగా యూరోపియన్ కప్ తెచ్చిపెట్టిన వాడు. జట్టంతా ఒక తాడుకి కట్టినట్టు కదలాలి, ఒక్కడి ప్రతిభ మీద ఆధారపడకూడదు అన్నది ఆయన పట్టుదల. జూన్ 23న నార్వేతో మ్యాచ్ మొదలైన కాసేపటికే గోల్‌కీపర్ పల్యూకాకి రెడ్ కార్డ్ పడింది. ఇంకో కీపర్‌ని దించాలంటే ఒకరిని తీసేయాలి. సాకి బాజియోని తీసేశాడు. ప్రపంచంలోనే మేటి అని అప్పటికి అవార్డు అందుకుని ఉన్న ఆటగాణ్ణి. బాజియో నమ్మలేనట్టు చూస్తూ బయటికి వచ్చాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆ రోజుకి సాకి లెక్క తప్పు కాదు. పదిమందితో ఇటలీ 1-0తో గెలిచింది. పదిమందే మిగిలినప్పుడు వెనక్కి పరిగెత్తేవాళ్ళు కావాలి, బాజియో ఆ పనికి పుట్టలేదు. కానీ తర్వాతి రౌండ్‌లో నైజీరియా మీద 88వ నిమిషం దాకా ఓడిపోతూ ఉన్న జట్టుని నిలబెట్టింది ఎవరు? అదే బాజియో. అదనపు సమయంలో ఇంకొకటీ అతనే కొట్టాడు. స్పెయిన్ మీద ఆఖర్లో గెలుపు గోల్ అతనిదే. సెమీ ఫైనల్లో బల్గేరియా మీద రెండూ అతనివే. మూడు మ్యాచ్‌ల్లో ఐదు గోల్స్. ఫైనల్ దాకా తీసుకెళ్ళింది ఏ పద్ధతి అని అడిగితే సాకి ఏం చెబుతాడో గానీ, నేనైతే బాజియో కాళ్ళనే చెబుతాను.

ఆ సాకి దగ్గర శిష్యరికం చేసినవాడు కార్లో అంచెలోట్టి. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన మనిషి. ఎందుకంటే తప్పు చేసి, ఒప్పుకుని, మారాడు. 1996లో పార్మా కోచ్‌గా వచ్చినప్పుడు 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) తప్ప ఇంకోటి వద్దన్నాడు. జట్టులో జోలా ఉన్నాడు, స్ట్రైకర్ల వెనక తిరుగుతూ ఆడే చిన్న మనిషి. ఆ చోటులో ఆడేవాణ్ణి పదో నంబర్ అంటారు. 4-4-2లో అలాంటి చోటు లేదు కాబట్టి ఎడమ అంచుకి నెట్టాడు. జోలా ఆ నవంబర్‌లోనే చెల్సీకి వెళ్ళిపోయి, అక్కడి జనం దేవుడిలా చూసుకునే ఆటగాడయ్యాడు. మరుసటి వేసవిలో బాజియోయే పార్మాకి వచ్చే అవకాశం ఉంటే, నా పద్ధతిలో పదో నంబర్‌కి చోటు లేదని అంచెలోట్టి కాదన్నాడు. బాజియో బొలోన్యాకి పోయి ఆ సీజన్‌లో 22 లీగ్ గోల్స్ కొట్టాడు. పార్మా అంతకుముందు ఏడాది లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది, కాబట్టి పద్ధతి పనికిమాలినదని అనలేం. అందుకే ఆ మొండితనం నాకు బాగా అర్థమవుతుంది. పని చేస్తున్న పద్ధతిని మార్చడానికి ఎవరికైనా భయమే.

బాజియోని వద్దనడం పొరపాటేనని అంచెలోట్టి తర్వాత తనే చెప్పుకున్నాడు. మిలాన్‌కి వెళ్ళాక పిర్లోతో చేసింది చూడండి. పిర్లో మొదట్లో పదో నంబరే. కానీ పెద్దగా వేగం లేదు, స్ట్రైకర్ల వెనక ఇరుకులో ఊపిరాడేది కాదు. 2001లో బ్రెషాకి అప్పుగా వెళ్ళినప్పుడు అక్కడి ముసలి కోచ్ మజ్జోనే అతన్ని డిఫెన్స్ ముందుకి దింపాడు, ఎందుకంటే పదో నంబర్ జాగాలో అప్పటికే బాజియో ఉన్నాడు. అక్కడి నుంచి పిర్లో వేసిన పొడుగు పాస్‌ని బాజియో ఒక్క టచ్‌తో దించుకుని యువెంటస్ మీద కొట్టిన గోల్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అంచెలోట్టి మిలాన్‌లో పిర్లోని అదే చోట స్థిరపరిచాడు. 2003లో, 2007లో చాంపియన్స్ లీగ్ గెలిచారు. పిర్లో పక్కన గట్టూసో ఉండేవాడు. పిర్లో తలెత్తి చూస్తూ నిలబడితే, పిర్లో పరిగెత్తాల్సిన పరుగంతా గట్టూసో పరిగెత్తేవాడు.

ఈ గట్టూసో సంగతి మళ్ళీ వస్తుంది.

ఇటలీ దాకా ఎందుకు, మన హైదరాబాద్‌లోనే సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఉన్నారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీ ఫైనల్‌కి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టడం ఎవరైనా చేసే పని. రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, 3-2తో గెలిచాం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారు పతకం. ఆ మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. కాగితం మీద "డిఫెండర్" అని రాసి ఉంటే సరిపోదు, ఆ ఒంట్లో ఇంకా ఏముందో చూడాలి అన్నది ఆయన ఆచరించి చూపించారు. తెలుగునాట ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ, ఆయన పేరు తలిచేవాళ్ళు మరీ తక్కువ. అది నాకు బాధగానే ఉంటుంది.

సరే, మా టర్ఫ్‌కి వస్తాను. సెప్టెంబర్‌లో రూల్ మార్చాను, పూర్తిగా తీసేయలేదు. మన గోల్ వైపు సగంలో రెండు టచ్‌లే. సగం గీత దాటాక ఎడమ పక్క చిన్నోడికి ఏ లెక్కా లేదు. వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను.

"గీత దాటాక నీ ఇష్టం. ఎన్ని టచ్‌లైనా సరే."

"బంతి పోతే అన్నా?"

"పోతే పోనీ."

"తిట్టవు కదా?"

తిట్టనని మాటిచ్చాను. ఆ మాట మీద నిలబడటం నేను అనుకున్నంత తేలిక కాలేదు. తర్వాతి మ్యాచ్ 3-3 అయింది. మా మూడు గోల్స్‌లో రెండు వాడివి. ఒకటైతే ముగ్గురిని దాటుకుని, కీపర్ కూడా పడిపోయాక, గీత మీద బంతిని అరక్షణం ఆపి మరీ లోపలికి తోశాడు. కానీ మేం తిన్న మూడూ ఎడమ పక్క నుంచే వచ్చాయి. వాడు బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ఆ పక్క మైదానంలా తెరుచుకునేది. అవతలి కోచ్ రెండో సగంలో తన పిల్లలందరికీ ఒకటే చెప్పాడు, బంతి అటే కొట్టమని. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

ఒకడికి స్వేచ్ఛ ఇస్తే దాని పరుగు ఇంకొకరి కాళ్ళ మీద పడుతుంది. టీవీలో డ్రిబ్లింగ్ చూసి చప్పట్లు కొట్టేటప్పుడు ఇది కనపడదు, ఎందుకంటే కెమెరా బంతి వెంట పోతుంది. 2003 వేసవిలో రియల్ మాడ్రిడ్‌కి కూడా కనపడలేదు. బెక్‌హామ్‌ని కొన్నారు, మకెలెలెని చెల్సీకి పోనిచ్చారు. జిదాన్, ఫీగో, రొనాల్డో అందరూ ముందుకు పోతే వెనక ఖాళీని ఒక్కడే ఊడ్చిన మనిషి మకెలెలె. ఆ 2002-03 లీగ్ గెలిచినవాళ్ళు మళ్ళీ లీగ్ గెలవడానికి 2006-07 దాకా ఆగాల్సి వచ్చింది. 2022 ప్రపంచ కప్‌లో అర్జెంటీనా కోచ్ స్కలోనీ దీన్ని తిరగేసి చేశాడు. మెస్సీకి అప్పటికి 35 ఏళ్ళు, ఆటలో ఎక్కువసేపు నడుస్తూనే ఉంటాడు. కాబట్టి పక్కన డి పాల్ ఇద్దరి పరుగూ పరిగెత్తాడు. సౌదీ మీద 1-2తో ఓడాక ఎన్సో ఫెర్నాండెజ్, మాక్ అలిస్టర్, హూలియన్ ఆల్వరెజ్ లాంటి కుర్రాళ్ళు ఒక్కొక్కరే జట్టులోకి వచ్చారు. వాళ్ళకి కాళ్ళున్నాయి, ఆటా ఉంది. క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ మీద వెనక ఐదుగురిని పెట్టాడు. ఫైనల్లో ఫ్రాన్స్ మీద డి మారియాని ఎడమ పక్క దించాడు. ఆ పక్క నుంచే పెనాల్టీ వచ్చింది, రెండో గోల్ డి మారియాదే. ఒక్క టోర్నమెంట్‌లో ఇన్నిసార్లు ఆకారం మార్చాడు గానీ, మెస్సీ చుట్టూ పరిగెత్తేవాళ్ళుండాలన్న నియమం మాత్రం మార్చలేదు.

దీనికి ఇంకో ఒడ్డున ఉన్న, మాంచెస్టర్ యునైటెడ్‌కి కోచ్‌గా వచ్చిన రూబెన్ అమొరిమ్ సంగతి మా ఆఫీసులో రోజూ నలిగింది. నా పక్క సీటు కుర్రాడు యునైటెడ్ అభిమాని. 2024 నవంబర్‌లో, సీజన్ మధ్యలో, నలుగురు డిఫెండర్ల ఆటకి కొన్న ఆటగాళ్ళని ముగ్గురి పద్ధతిలోకి మార్చాడు. లీగ్‌లో 15వ స్థానం. నేను అమొరిమ్‌ని పూర్తిగా తప్పుపట్టను. పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో అదే పద్ధతితో గెలిచిన మనిషిని అందుకే తెచ్చుకున్నారు. కానీ అక్కడ ఆ పద్ధతికి సరిపోయే కాళ్ళున్నాయి.

ఇక మన బెంగళూరు ఎఫ్‌సి. నేను కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగి కంఠీరవ స్టేడియంకి నడుచుకుంటూ పోతాను. వెస్ట్ బ్లాక్ అభిమానుల గోల పక్కన కూర్చుంటే పక్కవాడి మాట కూడా వినపడదు, అయినా అక్కడే కూర్చుంటాను. సునీల్ ఛెత్రీ మన సికింద్రాబాద్‌లో పుట్టాడని పక్క సీట్లో ఎవరు కూర్చున్నా చెబుతాను. 2017-18 ఇండియన్ సూపర్ లీగ్‌లో కోచ్ ఆల్బర్ట్ రోకా స్ట్రైకర్ మికుని మధ్యలో పెట్టి ఛెత్రీని ఎడమ నుంచి లోపలికి వచ్చేలా ఆడించాడు. మికు 15 గోల్స్, ఛెత్రీ 14. స్ట్రైకర్ని పక్కకి నెట్టినట్టు కనిపిస్తుంది గానీ, డిఫెండర్లు మికుతో కుస్తీ పడుతుంటే ఛెత్రీ వాళ్ళ వెనక నుంచి వచ్చేవాడు. ఆ ఏడాది ఫైనల్ సొంత గ్రౌండ్‌లోనే చెన్నయిన్ చేతిలో 3-2తో పోయింది. మైల్సన్ రెండు హెడర్లు కొట్టిన ఆ సాయంత్రం మెట్రోలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. రోకా దగ్గర సహాయకుడిగా ఉన్న కుఆద్రాత్ మరుసటి ఏడాది ముంబైలో గోవా మీద కప్ తెచ్చాడు, రాహుల్ భేకే హెడర్‌తో.

2024 డిసెంబర్ 7న కేరళ బ్లాస్టర్స్ మీద 4-2 మ్యాచ్‌కి మా పిల్లలు నలుగురిని తీసుకెళ్ళాను, చిన్నోడు కూడా ఉన్నాడు. ఛెత్రీకి 40 ఏళ్ళు. హ్యాట్రిక్ కొట్టాడు. ఆ సీజన్‌లో మొత్తం 14 గోల్స్. జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ రోజు నేను ఛెత్రీని కన్నా అతని చుట్టూ ఉన్నవాళ్ళనే ఎక్కువ చూశాను. కుర్రాళ్ళు ఎదుటి డిఫెండర్ల మీదికి మళ్ళీ మళ్ళీ ఉరుకుతుంటే, ఛెత్రీ ఆ పరుగుల్లో సగం కూడా పరిగెత్తకుండా, పెనాల్టీ బాక్స్ అంచున తన క్షణం కోసం కాచుకున్నాడు. నలభై ఏళ్ళ కాళ్ళలో ఎన్ని పరుగులు మిగిలాయో అప్పటి కోచ్ జరగోజాకి తెలుసు, ఆ పరుగులు ఎక్కడ ఖర్చు పెట్టాలో ఛెత్రీకి తెలుసు.

కాబట్టి మా చిన్నోడి వెనక ఒక గట్టూసో కావాలి. మా జట్టులో ఆ పని చేయగలిగేది ఒక్క పాప. ముందు చెప్పానే, బంతి అందుకోకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకునే పిల్ల, ఆమే. పన్నెండేళ్ళు, గుంటూరు వాళ్ళ అమ్మాయి, మా అపార్ట్‌మెంట్ మూడో బ్లాక్. అప్పటిదాకా మధ్యలో ఆడేది. బంతి ఎక్కడికి రాబోతుందో అందరికన్నా ముందు పసిగడుతుంది. చిన్నోడు బంతి పోగొట్టుకునే క్షణానికి అవతలివాడు ఎటు పోతాడో అటు అప్పటికే నాలుగడుగులు వేసి ఉంటుంది. కుడికాలి పిల్ల అయినా లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టాను. తర్వాతి ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచాం. తల్లిదండ్రులు వాట్సాప్‌లో చిన్నోడి గోల్ వీడియోలు పంచుకున్నారు. ఆ వీడియోల్లో పాప ఎక్కడా లేదు.

నవంబర్ మొదట్లో ఒక మ్యాచ్ అయ్యాక దర్శినిలో అందరికీ ఇడ్లీ వడ తెచ్చిపెట్టాను. నిలబడి తినే బల్ల దగ్గర పాప నా పక్కన చేరింది. వడని సాంబార్‌లో ముంచి, తినకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

"అంకుల్, వాడు ముందుకు పోతే నేను ఆగాలి, కదా?"

"అవునమ్మా."

"నేను పోతే ఎవరు ఆగుతారు?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆరేళ్ళు రైట్ బ్యాక్ ఆడాను, ఆ ప్రశ్న మా కోచ్‌ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగొచ్చని తోచను కూడా లేదు. చిన్నోడి బలం చూసి వాడి చోటు మార్చాను. పాపని మాత్రం చిన్నోడి లోటు చూసి అక్కడ పెట్టాను. ఆ పిల్లకి కుడికాలితో గ్రౌండ్ అటు చివరికి బంతి వేయగల పాస్ ఉంది. ఎడమ అంచు నుంచి లోపలికి తిరిగితే ఆ పాస్ సరిగ్గా కుదురుతుంది. ఐదు మ్యాచ్‌ల్లో ఆ పాస్ వేసే చోటు దాకా ఒక్కసారైనా వెళ్ళనివ్వలేదు నేను.

ఆ తర్వాతి ప్రాక్టీస్‌లో ఇద్దరినీ పిలిచి నిలబెట్టాను. పాప సగం గీత దాటిందంటే చిన్నోడు ఆమె జాగాలోకి దిగాలి. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఎంతసేపన్నా?"

"ఆమె వెనక్కి వచ్చేదాకా."

మొదటిసారి పాప ముందుకు పోయినప్పుడు వాడు మర్చిపోయి తనూ పోయాడు, గోల్ తిన్నాం. రెండోసారి ఆగాడు గానీ బంతిని చూస్తూ నిలబడ్డాడు, వెనక నుంచి మనిషి దూసుకుపోయాడు, ఇంకొకటి తిన్నాం. మూడోసారి పాపని చూస్తూ వెనక్కి అడుగులు వేసుకుంటూ దిగాడు. పాప లోపలికి తిరిగి కుడికాలితో అటు చివరకి ఎత్తి కొట్టింది. బంతి మా రైట్ వింగర్‌కి రెండడుగుల ముందు పడింది. వాడు ఆ చోటి నుంచి అలాంటి పాస్ వస్తుందని ఊహించలేదు, అందుకోలేకపోయాడు. బంతి బయటికి పోయి వలకి తగిలింది. "సారీ అక్కా" అని అరిచాడు, ఇద్దరిదీ ఒకే వయసైనా.

ఆట ఆగిన ఆ కొన్ని క్షణాల్లో వెనక లెఫ్ట్ బ్యాక్‌లో నిలబడిన చిన్నోడు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకున్నాడు, పాప చూసుకున్నట్టే.

వచ్చే ఆదివారం హొరమావు వైపు జట్టుతో మ్యాచ్ ఉంది. ఇద్దరినీ ఇలాగే ఆడిస్తున్నాను. ఎడమ పక్క నుంచి రెండు మూడు గోల్స్ తింటామేమో, తల్లిదండ్రులకి ముందే చెప్పి పెట్టాను.